కర్నూలు పాఠకుడు పేపర్ వదిలి ఫోన్ పట్టింది ఎప్పుడు?

2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద ప్రైవేటు బస్సు తగలబడింది. బైకు నడిపిన యువకుడితో కలిపి 20 మంది చనిపోయారు. అప్పటికే పేపర్లు అచ్చయి, కట్టలు ఊళ్లకు బయల్దేరాయి. జనం నిద్ర లేచేసరికి వీడియోలు ఫోన్లలో ఉన్నాయి, మృతుల సంఖ్య గంటకో రకంగా తిరుగుతోంది. ఇలాంటిది జరిగిన ప్రతిసారీ ఒకే వాదన లేస్తుంది: జనం పేపర్ చదవడం మానేసి ఫోన్‌ను నమ్ముతున్నారు, అందుకే వదంతులు పెరిగాయి. అధికారులూ పెద్దలూ ఎక్కువగా ఈ మాటే అంటారు. వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లకు హెచ్చరికలు కూడా వెళ్తుంటాయి.

సీమ పత్రికల చరిత్రను 1926లో అనంతపురం నుంచి వచ్చిన శ్రీ సాధన పత్రికతో మొదలుపెట్టి, కడప ఆకాశవాణి మీదుగా చెప్పుకురావచ్చు. అదంతా చాలామందికి తెలిసిందే. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకైన సంగతీ తెలుసు. కానీ జియో వచ్చిన మూడేళ్ల తర్వాత కూడా ఆదోనిలో, పత్తికొండలో టీ అంగడికి పొద్దున్నే పేపర్ రావాల్సిందే. ఫోన్ జేబులో పెట్టుకునే జిల్లా పేజీ తిరగేసేవాళ్లు. కాబట్టి చవక డేటా ఒక్కటే కారణం కాదు. అసలు మలుపు 2020 వేసవిలో ఉంది.

ఆ ఏడాది మార్చి 22న జనతా కర్ఫ్యూ, రెండు రోజులకే లాక్‌డౌన్. కాగితం మీద వైరస్ ఉంటుందన్న భయంతో చాలా ఇళ్లవాళ్లు పేపర్ వద్దన్నారు. అంగళ్లు మూతపడ్డాయి, ప్రకటనలు ఆగిపోయాయి. ఆదాయం పడిపోగానే కోత ముందుగా పడింది జిల్లా టాబ్లాయిడ్ మీద. మెయిన్ పేపర్‌తో పాటు విడిగా వచ్చే ఆ చిన్న పేపర్ పోయి, లోపల కొన్ని పేజీలుగా మిగిలింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కర్నూలుకు వీధివీధి వార్త కావలసి వచ్చింది. ఏప్రిల్ చివరికి రాష్ట్రంలో ఎక్కువ కేసులున్నది ఈ జిల్లాలోనే. ఏ వీధి రెడ్‌జోన్‌లోకి వెళ్లింది, కంచె ఎక్కడ కట్టారు, పాలు ఎన్ని గంటల దాకా ఇస్తారు, కూరగాయల బండి ఏ సందులోకి వస్తుంది, పక్కింటాయనను ఏ ఆసుపత్రికి తీసుకుపోయారు: జనానికి కావలసిన వార్త ఇదే. ఇవన్నీ మర్నాటి దాకా ఆగే సంగతులు కావు, చిక్కిపోయిన జిల్లా పేజీల్లో పట్టేవీ కావు. ఆరోగ్య శాఖ బులెటిన్ రోజూ ఫొటోగా వాట్సాప్‌లోకి వచ్చేది. దాని కింద ఎవరో ఒకరు మన వార్డులో ఎంతమంది అని అడిగేవారు, ఇంకొకరు జవాబు పెట్టేవారు. ఆ జవాబు కొన్నిసార్లు తప్పు. కానీ జవాబు చెప్పే చోటు అదొక్కటే మిగిలింది.

ఆ ప్రశ్న అడగడం జనానికి అలవాటు చేసింది పత్రికలే. 1989లో ఈనాడు జిల్లా సంచికలు మొదలుపెట్టింది. అంతకుముందు ఆలూరు సంగతి పేపర్లో రావాలంటే అక్కడ ఘోరమేదో జరగాలి. జిల్లా పేజీ వచ్చాక బోరు చెడిపోయినా వార్తే, పదో తరగతిలో మొదటి మార్కులు వచ్చినా వార్తే, తొలకరి వానలకు జొన్నగిరి చేలల్లో వజ్రాల కోసం జనం వెతుకుతున్నా వార్తే. ఆదోని యార్డులో పత్తి, వేరుశనగ ధరలు చూశాకే ఆ పూట సరుకు ఎత్తాలా ఆపాలా అని రైతు తేల్చుకునేవాడు. మిగతా పత్రికలూ అదే దారి పట్టాయి. 2008 మార్చిలో సాక్షి 23 చోట్ల ఒకేసారి, అన్ని పేజీలూ రంగుల్లో, రెండు రూపాయలకే వచ్చాక పోటీ మండలాల దాకా దిగింది.

ఈ వ్యవస్థను మోసింది మండల విలేకరి. వార్త రాసి కవర్లో పెట్టి, పైన ప్రెస్ అర్జంట్ అని రాసి, మధ్యాహ్నం ఆర్టీసీ బస్సు డ్రైవర్ చేతికిచ్చి పంపిన తరం ఇంకా మన మధ్యే ఉంది. బస్సు తప్పితే వార్త తప్పినట్టే. తర్వాత ఫ్యాక్స్, ఆ తర్వాత మెయిల్ వచ్చాయి గానీ డబ్బుల లెక్క మారలేదు. ఎన్ని లైన్లు అచ్చయితే అన్ని లైన్లకే డబ్బు, అది పెట్రోలుకు చాలదు. ఆగస్టు 15కీ, జనవరి 26కీ, నాయకుల పుట్టినరోజులకూ యాడ్స్ టార్గెట్ పెడతారు. అప్పోసొప్పో చేసి టార్గెట్ కట్టినవాళ్లున్నారు. పేజీలు తగ్గినప్పుడు లైన్లు తగ్గాయి, వీళ్లలో చాలామందికి ఆ కాస్త రాబడీ పోయింది.

వీళ్లు ఎక్కడికి పోయారన్నది వాదించేవాళ్లు అడగని ప్రశ్న. ఎక్కడికీ పోలేదు. ఊరి పేరుతో యూట్యూబ్ ఛానల్ పెట్టారు, వాట్సాప్ గ్రూపు నడుపుతున్నారు, వే2న్యూస్ లాంటి యాప్‌లకు నాలుగు ముక్కల్లో వార్త పంపుతున్నారు. మనిషి అతనే, ఊరు అదే. పోయింది మధ్యలో కూర్చునే సబ్ ఎడిటర్. స్టేషన్‌కు ఫోన్ చేశావా, అవతలివాళ్ల మాట తీసుకున్నావా, పేరు సరిచూశావా అని అడిగే మనిషి లేడు. ఇవాళ తప్పులు ఎక్కువగా దొర్లేది అక్కడే. ఫోన్‌ను తిట్టేవాళ్లు చెప్పేదాంట్లో ఈ ఒక్కటీ నిజమే, దానికి పాఠకుణ్ని తప్పుపట్టి లాభం లేదు.

టీవీ ఉంది కదా అనవచ్చు. 2009 సెప్టెంబర్ 2న వైఎస్ హెలికాప్టర్ నల్లమలలో ఆచూకీ లేకుండా పోయినప్పుడు సీమ అంతా రాత్రంతా టీవీ ముందు కూర్చుంది. మర్నాడు పావురాలగుట్ట మీద శకలాలు కనిపించిన సంగతి పేపర్ కంటే ముందు టీవీయే చెప్పింది. ఆ నమ్మకం తర్వాత పార్టీలవారీగా చీలింది. 2019లో టీవీ5, ఏబీఎన్ కేబుల్లో ఆగిపోయాయి. 2024 జూన్‌లో ప్రభుత్వం మారగానే టీవీ9, ఎన్టీవీ, సాక్షి టీవీ ఆగిపోయాయి, వ్యవహారం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్లింది. పేపర్ కూడా ఇందులో చిక్కుకుంది. ఎక్కువ సర్క్యులేషన్ ఉన్న పేపర్ కొనుక్కోమని గ్రామ, వార్డు వాలంటీర్లకు ప్రభుత్వం నెలకు 200 రూపాయలు ఇవ్వాలన్న 2022 నాటి నిర్ణయం మీద కోర్టుల్లో పోరు నడిచింది. కడపలోనూ అనంతపురంలోనూ అంగట్లో ఏ ఛానల్ ఆడుతోందో చూసి ఆసామి ఏ పార్టీయో చెప్పేస్తారు. అలాంటి చోట తన ఊరివాడు పంపిన వీడియోనే నయమని మనిషికి అనిపిస్తే అందులో ఆశ్చర్యం లేదు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక మరో చిక్కు వచ్చింది. వెల్దుర్తి కర్నూలులో ఉంది, పక్కనే ఉన్న డోన్ నంద్యాలలోకి పోయింది. రోజూ రాకపోకలున్న రెండు ఊళ్ల వార్తలు వేర్వేరు పేజీల్లోకి చేరాయి.

2024 ఆగస్టు 10 రాత్రి 11 దాటాక తుంగభద్ర డ్యామ్ 19వ గేటు కొట్టుకుపోయింది. కౌతాళం, కోసిగి, మంత్రాలయం, నందవరం మండలాల్లో నది ఒడ్డువాళ్లకు 2009 అక్టోబర్ వరద ఇంకా కళ్లముందే ఉంది. పేపర్ తయారయ్యే పద్ధతిలో దూరపు మండలాల కట్టలే ముందు అచ్చవుతాయి. అంటే ప్రమాదం ఎవరికి దగ్గరో వాళ్ల పేపర్లోకే ఆ వార్త ఎక్కడం అన్నిటికన్నా కష్టం. ఆ రాత్రి ఒడ్డునున్నవాడు ఫోన్ చూసుకోక ఇంకేం చూసుకోవాలి? డ్యామ్ నుంచి ఎన్ని క్యూసెక్కులు వస్తున్నాయన్న సరైన లెక్క అధికారుల దగ్గర ఉంటుంది, అది గుర్తింపు ఉన్న విలేకరుల గ్రూపుకు వెళ్తుంది. ఊళ్లోవాళ్లకు నిమిషాల్లో వార్త చేరవేసే ఆ పాత మండల విలేకరికి ఇవాళ ఆ ప్రభుత్వ గుర్తింపు, అంటే అక్రెడిటేషన్, లేదు, అందుకే ఆ గ్రూపులో అతని నంబర్ ఉండదు.