సాయం ఉచితమే, మరి ఆ జవాబు ఎవరిది?

2024 మే నెలలో, ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగి జవాబులు పొందే వెబ్‌సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోను నడిపే సంస్థ, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐతో ఒప్పందం ప్రకటించింది. ప్రోగ్రామర్లు ఏళ్ల తరబడి ఒకరికొకరు ఊరికే రాసిపెట్టిన జవాబులు ఇక చాట్‌జీపీటీకి మేత అవుతాయన్నమాట. కడుపు మండిన కొందరు తమ జవాబులను తామే చెరిపేయబోయారు. అడిగినవాళ్లు 'ఇదే సరైన జవాబు' అని గుర్తు పెట్టినవాటిని రాసినవాళ్లు కూడా తీసేయలేరు. అందుకని లోపలి మాటలు తుడిచేసి, ఆ చోట నిరసన వాక్యాలు పెట్టారు. సైటు బాగోగులు చూసే మోడరేటర్లు పాత పాఠాన్ని తిరిగి తెచ్చి, అలా చేసిన కొన్ని ఖాతాలను సస్పెండ్ చేశారు.

చట్టం సంస్థ పక్షానే ఉందనిపిస్తుంది. అక్కడ రాసే ప్రతి మాటా క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కిందికి వస్తుంది. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకునే వీల్లేదు. రాసినవారి పేరు చెప్పి ఎవరైనా వాడుకోవచ్చు. కానీ గొడవంతా ఆ 'పేరు చెప్పి' దగ్గరే వచ్చింది: చాట్‌జీపీటీ చెప్పే జవాబులో అసలు రాసినవారి పేరు ఉంటుందా? పైగా ఈ గొడవ కొత్తదేమీ కాదు. ఊరికే సాయం చేసేవాళ్లకీ, సాయం పొందేవాళ్లకీ నడుమ ఒక కంపెనీ వచ్చి కూర్చున్నప్పుడల్లా ఏదో ఒక రూపంలో ఇది వస్తూనే ఉంది.

మొదట్లో నడుమ ఎవరూ లేరు. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ 1979లో ఊహించి, మరుసటి ఏడాది నడిపించిన యూజ్‌నెట్ అనే చర్చావేదికల నెట్‌వర్క్‌కు యజమాని అంటూ లేడు. ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి సందేశాలు పాకుతూ పోయేవి. 1991 ఆగస్టు 25న హెల్సింకీ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తాను సరదాగా రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ గురించి చెప్పి, అందులో ఏమేం ఉండాలో చెప్పమని అడిగింది అక్కడే. ఇవాళ డౌట్ అడిగినవాడే రేపు ఇంకొకడికి జవాబు చెప్పేవాడు. వేరే లెక్కాపత్రం అవసరం పడలేదు.

విసుగు మాత్రం అప్పుడూ ఉంది. ఏటా సెప్టెంబరులో కాలేజీల్లో చేరిన కొత్త పిల్లలు వచ్చి అవే ప్రశ్నలు అడిగేవారు. వాళ్లకి పద్ధతి నేర్పడానికి పాతవాళ్లకు కొన్ని వారాలు పట్టేది. తరచూ వచ్చే ప్రశ్నలకు జవాబులన్నీ ఒకచోట రాసి, 'ముందు ఇది చదువు' అనే ఆనవాయితీ అలా బలపడింది. 1993-94లో జనానికి ఆన్‌లైన్ సేవలు అమ్మే ఏఓఎల్ వంటి కంపెనీలు తమ ఖాతాదారులందరికీ యూజ్‌నెట్ తలుపులు తెరిచేసరికి కొత్తవాళ్ల రాకకు అడ్డుకట్ట లేకుండా పోయింది. దాన్నే పాతవాళ్లు 'ముగియని సెప్టెంబరు' అని తిట్టుకున్నారు. ప్రశ్న ఎలా అడగాలో నేర్పుతూ ప్రోగ్రామర్ ఎరిక్ రేమండ్ 2001లో ఒక పెద్ద వ్యాసమే రాశాడు. ఎన్నో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులు తమ సహాయ పేజీల్లో దానికి లింకు పెట్టాయి. అది చూసి జనం ఆ ప్రాజెక్టుల డౌట్లు కూడా రేమండ్‌నే అడగడం మొదలుపెట్టారు! 'మీ ప్రాజెక్టుకి హెల్ప్‌డెస్క్ మేము కాదు' అని ఆ వ్యాసం మొదట్లోనే హెచ్చరిక పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇక ఏఓఎల్ తన సొంత ఇంట్లో చేసిన పని చూడాలి. చాట్ గదులు చూసుకోవడానికీ, కొత్తవాళ్లకు దారి చూపడానికీ వేలమంది వాలంటీర్లను పెట్టుకుంది. ఇంటర్నెట్‌కు గంటల లెక్కన డబ్బు కట్టే రోజులవి కాబట్టి, వాళ్లకు ఇచ్చిన ఉచిత ఖాతా విలువైనదే. 1996 చివర్లో నెలకింత అని ఒకే రేటు పెట్టాక ఆ లాభం కరిగిపోయింది. షిఫ్టులు, రిపోర్టులు, పైవాళ్ల అజమాయిషీ మాత్రం అలాగే ఉన్నాయి. ఉద్యోగమంటే ఇంతకంటే ఏముంటుంది? 1999లో కొందరు మాజీ వాలంటీర్లు న్యూయార్క్ కోర్టుకెళ్లి కనీస వేతనం అడిగారు. చివరికి 2010లో 1.5 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. మైక్రోసాఫ్ట్ కూడా తన ఉత్పత్తులపై ఊరికే సాయం చేసే వాలంటీర్లకు 1993 నుంచి 'ఎంవీపీ' (అత్యంత విలువైన నిపుణుడు) అనే గుర్తింపు ఇస్తోంది. 1999లో దాన్ని ఉన్నట్టుండి రద్దు చేసి, నిరసన రాగానే కొద్ది రోజుల్లోనే పునరుద్ధరించింది.

జవాబులకు తాళం వేయడం ఆ తర్వాతి మలుపు. 1996లో మొదలైన ఎక్స్‌పర్ట్స్ ఎక్స్ఛేంజ్ అనే ప్రశ్నోత్తరాల వెబ్‌సైటులో జవాబులు రాసేది సభ్యులే, పూర్తిగా చదవాలంటే మాత్రం డబ్బు కట్టాలన్న తీరు చాలామందికి ఒళ్లు మండించింది. చలివేంద్రం కుండకి కుళాయి బిగించి గ్లాసుకింత అని వసూలు చేస్తే నీళ్లు మోసినవాడికి ఎలా ఉంటుంది? ప్రోగ్రామర్లు జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పాల్‌స్కీ 2008లో తెచ్చిన స్టాక్ ఓవర్‌ఫ్లో దానికి విరుగుడు. అన్నీ బహిరంగం, లైసెన్సు స్వేచ్ఛగా వాడుకునేది, సాయానికి ప్రతిఫలం పాయింట్లు.

ఆ పాయింట్లే జవాబుల నాణ్యతను పెంచాయి, అడిగేవాడి బతుకును కష్టం చేశాయి కూడా. 'ఇది పాత ప్రశ్నే' అని నిమిషాల్లో మూసేయడం, మైనస్ ఓట్లు. అమీర్‌పేటలో కోర్సు చేసి మొదటి ప్రాజెక్టులో ఎర్రర్‌తో కుస్తీ పడుతున్న కుర్రాడికి ఆ టెన్షన్‌లో ఇంగ్లీషు వాక్యం సరిగా కుదరకపోతే చీవాట్లే మిగిలేవి. కొత్తవాళ్లకి ఇక్కడ ఆదరణ లేదని 2018లో సంస్థే బహిరంగంగా ఒప్పుకుంది. 2021లో ప్రోసస్ అనే కంపెనీ 180 కోట్ల డాలర్లకు దాన్ని కొనుక్కుంది. ఆ ధరలో సింహభాగం ఊరికే రాసిన జవాబులదే అని నా అభిప్రాయం.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చింది. వారం తిరక్కుండానే దాని జవాబులను స్టాక్ ఓవర్‌ఫ్లోలో నిషేధించారు. చూడ్డానికి సరైనవిలా ఉండి, తీరా చూస్తే తప్పులు. పైగా సరిచూసే మనుషుల చేతులకు అందనంత వేగంగా వచ్చిపడుతున్నాయి. 2023 మేలో అలాంటి జవాబులను తొలగించే మోడరేటర్ల అధికారానికి సంస్థ పగ్గాలు వేసింది. జూన్‌లో వాలంటీర్ మోడరేటర్లు సమ్మెకు దిగారు. జీతమే లేనివాళ్ల సమ్మె! ఆగస్టుకు రాజీ కుదిరింది.

2014 ప్రాంతంలో నెలకు సుమారు 2 లక్షల ప్రశ్నలు వచ్చిన స్టాక్ ఓవర్‌ఫ్లోకి ఇప్పుడు అందులో చిన్న వంతే వస్తోంది. మొత్తం జవాబుల మూటను ఎవరైనా దించుకోవడానికి ఒకప్పుడు ఖాతా కూడా అక్కర్లేదు. 2024 జులై నుంచి లాగిన్ అయి, చాట్‌జీపీటీ లాంటి వాటి వెనకుండే భాషా నమూనాల శిక్షణకు వాడనని ఒక గడిలో టిక్కు పెడితేనే సంస్థ దాన్ని ఇస్తోంది. జవాబులు రాసినవాళ్లు కూడా ఆ టిక్కు పెట్టాల్సిందే.