గోడ మీద పేర్లు రాసిన పిల్లలకు

పిల్లలూ,

మా ఇంటి వెనక గోడ మీద మీ ముగ్గురి పేర్లూ చూశాను. సంక్రాంతికి సున్నం కొట్టించిన గోడ అది. మా ఇంటావిడ చీపురు పుచ్చుకుని మీ ఇళ్లకు బయలుదేరుతుంటే నేనే ఆపాను. కోపం రాలేదని కాదు. నలభై ఏళ్లు ఒంగోలులో కొట్ల బోర్డులూ గోడలూ రాసి బతికినవాణ్ణి కదా, అక్షరం కనబడితే ముందు దాన్ని చూస్తాను, తరవాతే రాసినవాణ్ణి వెతుకుతాను.

ఫోనులో చూసి దించారని చూడగానే తెలిసింది. ఉబ్బిన అక్షరాలు, పక్కన బాణాలు, కిందికి కారుతున్న రంగు బొట్లు, అన్నిటి మీదా ఒక కిరీటం. కిరీటం బాగా కుదిరింది. దాని కింద అక్షరమే కుదరలేదు. అన్నట్టు, ఆ కిరీటం ఎవరు పడితే వారు పెట్టుకునేది కాదు. ఊరంతా తన పేరు ఎక్కించి, ఇక వీణ్ణి మించినవాడు లేడని తోటివాళ్లు ఒప్పుకున్నాక పెట్టుకునేది. ఒక్క గోడకే పెట్టేశారు మీరు!

మీరు దించిన ఆ రాతకు గ్రాఫిటీ అని పేరు. ఇటలీ భాషలో గీకడం అనే మాట నుంచి వచ్చింది. క్రీస్తుశకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో కప్పేసిన పాంపేయి నగరం గోడల మీద కూడా అలా గీకిన పేర్లూ తిట్లూ ప్రేమ కబుర్లూ దొరికాయి. ఇప్పుడు మనం చూసే పద్ధతి మాత్రం 1960ల చివర్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మొదలైంది. కార్న్‌బ్రెడ్ అని పేరు పెట్టుకున్న ఒక కుర్రాడు ఊరంతా ఆ పేరే రాసుకుంటూ పోయాడు. తరవాత న్యూయార్కులో టాకి 183 వచ్చాడు. టాకి ముద్దుపేరు, 183 వాళ్ల వీధి నంబరు. ఉత్తరాలూ పొట్లాలూ అందించే పనిలో ఊరంతా తిరుగుతూ, వెళ్లిన చోటల్లా మార్కరుతో రాసేవాడు. 1971 జూలైలో అక్కడి పెద్ద పత్రిక అతని గురించి రాసింది. ఆ దెబ్బతో కుర్రాళ్లందరూ కలాలు పట్టుకున్నారు.

అంతమంది రాస్తుంటే ఎవరి పేరు కంటికి ఆనుతుంది? అక్కడి నుంచే ఈ తీరులన్నీ పుట్టాయి. వాళ్లు రాసింది నిలబడి ఉన్న గోడ మీద కాదు, ఎక్కువగా రైలు పెట్టెల మీద. ప్లాట్‌ఫారం మీద ఉన్నవాడికి కనబడేది కొన్ని క్షణాలే. అందుకని అక్షరం పెద్దదైంది, లావైంది, చుట్టూ గీత వచ్చింది, లోపల రంగు నిండింది. 1972 ప్రాంతంలో ఫేజ్ 2 అనే అతను బుడగల్లాంటి మెత్తని అక్షరాలు తెచ్చాడు. మీరు దించబోయింది వాటినే. చివరికి 1989 మే నెలలో అక్కడి రైళ్లవాళ్లు రాతలున్న ఆఖరి పెట్టెను కూడా పట్టాల మీద నుంచి తీసేశారు. అప్పటికే ఆ రాత ప్రపంచమంతా పాకిపోయింది.

ఇందులో తీరు అన్నది చాలా వరకు చేతిలో ఉన్న సమయాన్ని బట్టి వస్తుంది. ట్యాగ్ అంటే సంతకం. చెయ్యి ఎత్తకుండా రెండు మూడు క్షణాల్లో అయిపోవాలి. త్రో-అప్ అంటే రెండు రంగుల్లో, ఒకటి నింపడానికి ఒకటి గీతకు, నిమిషాల్లో ముగిసే ఉబ్బెత్తు అక్షరాలు. పీస్ అంటే తీరుబడిగా, ముందే కాగితం మీద గీసుకుని, ఎన్నో రంగులతో నింపేది. మా పనిలోనూ ఈ తేడా ఉండేది, పేర్లే లేవు. ఎన్నికలొస్తే రాత్రికి రాత్రి గోడలు పట్టుకోవాలి. ముందు ఒకడు పరుగెత్తి ‘ఈ గోడ రిజర్వు’ అని గీకి పోతాడు. అది ట్యాగ్. వెనక నేను రెండు డబ్బాలతో వచ్చి గుర్తూ పేరూ వేసి పక్క గోడకు పోతాను. అది త్రో-అప్. అదే బట్టల కొట్టు బోర్డయితే మూడు రోజులు నిచ్చెన దిగేవాణ్ణి కాదు, నీడలూ మెరుపులూ పెట్టి, చివరికి మూలన చిన్నగా నా సంతకం. ఫ్లెక్సీలు వచ్చాక ఆ మూడు రోజుల పని మూడు గంటల్లోకి దిగింది. పోనీలెండి, ఆ సంగతి మొదలుపెడితే ఈ ఉత్తరం తెల్లవార్లూ సాగుతుంది.

ఇప్పుడు మీ గోడ సంగతికి వస్తాను. మీరు అక్షరాన్ని ముందే లావుగా గీశారు. అదే తప్పు. ముందు సుద్దతో ఒంటి గీత అక్షరం రాయాలి. అది ఎముక. ఎముక నిటారుగా, పక్క అక్షరంతో సమానమైన ఎత్తులో నిలబడిందో లేదో నాలుగడుగులు వెనక్కి వచ్చి చూడాలి. అప్పుడు ఆ గీతకు రెండు వైపులా ఒకే దూరంలో చుట్టూ ఇంకో గీత తిప్పుకుంటూ పోవాలి. పెనం మీద అట్టు పిండి అంచులు సాగినట్టు అక్షరం ఒళ్లు పెరుగుతుంది. లోపలి చిల్లులు కుంచించుకుపోతాయి, కానీ పూర్తిగా మూసుకుపోకూడదు. గారెకు చిల్లి ఎంత ముఖ్యమో అక్షరానికీ అంతే. సన్నని చీలికలా అయినా మిగలాలి.

ఇంగ్లీషు అక్షరాలకు ఇది తేలిక. మన తెలుగుకు వచ్చేసరికి ఒక చిక్కుంది. నాకది డబ్బు పోగొట్టుకుని తెలిసింది. పనిలో చేరిన కొత్తలో అద్దంకి బస్టాండు దగ్గర ఒక ఎరువుల కొట్టుకు గోడ రాశాను. ‘పంటల మందులు’ అని రాయమన్నారు. దూరానికి కనబడాలని అక్షరాలను బాగా లావు చేశాను. మరునాడు కొట్టు యజమాని కబురు పెట్టాడు. వెళితే గోడ ముందు నలుగురు రైతులు నవ్వుతూ నిలబడి ఉన్నారు. ఒకాయన నన్ను చూసి, “కూరలోకి ఎన్ని చెంచాలు వెయ్యాలయ్యా?” అన్నాడు. నాకు అర్థం కాలేదు. రోడ్డు దాటి వెనక్కి తిరిగి చూశాను. గోడ మీద ‘వంటల మందులు’ అని ఉంది!

ఏం జరిగిందో ఒక కాగితం మీద రాసి చూడండి. ‘ప’లో తలకట్టు అక్షరానికి తగలదు, విడిగా నిలబడుతుంది. ‘వ’లో అతుక్కుని ఉంటుంది. ఆ రెంటికీ మధ్య ఉన్నది వెంట్రుకవాసి సందు. ఒళ్లు పెంచేసరికి ఆ సందు నిండిపోయింది, పంట వంటయింది. ‘ఘ, ప, ఫ, ష, స, హ’లకు తలకట్టు ఇలాగే విడిగా ఉంటుంది. వీటిని ఉబ్బించేటప్పుడు ముందు ఆ సందును సుద్దతో గుర్తుపెట్టుకుని, దాన్ని కాపాడుకుంటూ మిగతా ఒళ్లు పెంచాలి. ‘ద’కూ ‘ధ’కూ, ‘డ’కూ ‘ఢ’కూ తేడా కింద ఉన్న చిన్న గీతే. దాన్ని ఒంట్లో కలిపేసుకుంటే మాట మారిపోతుంది. మీలో ఒకరి పేరులో ‘ధ’ ఉంది. గోడ మీద అది ‘ద’ అయి కూర్చుంది, చూసుకున్నారా?

తీరు మార్చడమంటే ఏ గీతను వంచవచ్చో, ఏ గీతను ముట్టుకోకూడదో తెలుసుకోవడం. న్యూయార్కులో అక్షరాలను ఒకదానిలో ఒకటి పెనవేసి, బాణాలు మొలిపించి, బయటివాడు చదవలేనంతగా చేసే వైల్డ్ స్టైల్ అనే పద్ధతి పుట్టింది. అందులో ఆరితేరినవాళ్లు కూడా ముందు మామూలు అక్షరాన్ని వందలసార్లు రాసినవాళ్లే. బ్లాక్ బుక్ అని ఒక పుస్తకం పెట్టుకుని అందులో గీసుకునేవారు, ఒకరి పుస్తకంలో ఇంకొకరు రాసేవారు. మీరు గోడ ఎక్కే ముందు నోటు పుస్తకం ఒకటి నింపండి.

వైల్డ్ స్టైల్‌కు మన లిపి బాగా లొంగుతుందని నా నమ్మకం. తలకట్టును చూడండి, అప్పటికే సగం బాణం. దాని తోకను సాగదీసి పక్క అక్షరం వెనక నుంచి పోనివ్వచ్చు. క్రావడి అయితే చెప్పనే అక్కర్లేదు. ‘క్ర’ రాస్తే అది కింద నుంచి వచ్చి అక్షరాన్ని ఒడిసిపట్టుకుంటుంది. అమెరికా కుర్రాళ్లు పేరు కింద కావాలని తిప్పుకునే వంపు మనకు ఊరికే దొరికింది. అలాగని అన్నిటికీ తలకట్టు తగిలించకండి. ‘ఖ, జ, ట, ణ, బ, ల, ఱ’లకు తలకట్టు ఉండదు. ‘కి’ రాస్తే తలకట్టు పోయి గుడి వస్తుంది, అక్కడ వంపు గుడిదే.

మన అక్షరం గుండ్రంగా ఎందుకుందో కూడా చెప్పేస్తాను. తాటాకు మీద గంటంతో అడ్డగీతలు గీస్తే ఆకు చీలుతుందని అలా గుండ్రబడిందని పెద్దలు చెబుతారు. అంతకుముందు రాతి మీద చెక్కిన అక్షరం వేరు. మన అద్దంకిలో దొరికిన పండరంగని శాసనం 848 ప్రాంతానిది. తెలుగులో దొరికిన తొలి పద్యశాసనం అదేనని చెబుతారు, తరువోజ అనే ఛందస్సులో ఉంది. అప్పటి లిపిని మీరు ఇవాళ చదవలేరు, నేనూ చదవలేను. ఉలికి ఒక తీరు, గంటానికి ఒక తీరు, కుంచెకు ఒక తీరు. స్ప్రే డబ్బాకు ఇంకో తీరు వస్తే అక్షరానికి అవమానమేమీ లేదు. ఇంతకీ ఆ శాసనంలో ఉన్నదేమిటి? చాళుక్యుల సేనాని పండరంగడు పన్నెండు బోయ కొట్టాలను, అంటే బోయల ఏలుబడిలోని ప్రాంతాలను, గెలిచాడని. అతనికి ఆ కిరీటం చెల్లుతుంది.

గీయడం మొదలుపెట్టడానికి మన ఊరి పేరే మంచిది. ‘ఒంగోలు’లో పదునైన మూల ఒక్కటీ లేదు. ‘ఒ’ను గిత్త మూపురంలా వెనక ఎత్తుగా, ముందు ఒద్దికగా ఉబ్బించండి. సున్నా గురించి ఏమీ చెయ్యక్కర్లేదు, అది పుట్టుకతోనే బుడగ. దాన్ని కాస్త కిందికి జార్చి ‘గో’ వెనక సగం దాచండి. ఏ అక్షరం ముందుంది, ఏది వెనకుంది అన్నది ముందే తేల్చుకోవాలి, మధ్యలో మనసు మార్చుకుంటే గీతలు తగువులాడతాయి. చివరి ‘లు’ కొమ్ము తోకను వెనక్కి లాగి మాట మొత్తానికి కింద గీతగా పరచండి. అది చేతికి వచ్చాక ‘నెల్లూరు’ పట్టుకోండి. అక్కడ ల-ఒత్తు కింద వేలాడుతుంది. ఇంగ్లీషువాడి అక్షరాలు ఒకే వరసలో నిలబడతాయి, మనది మిద్దె ఇల్లు. పైన ఎత్వం, మధ్య అక్షరం, కింద ఒత్తు. అందుకే గోడను ముందు ఐదు పాళ్లు చేసుకుని పైన ఒకటి, కింద ఒకటి వదిలి, మధ్య మూడింటిలో అక్షరం రాసేవాణ్ణి నేను. పాళ్లకు గీతలు కావాలంటే నూలుదారానికి సుద్ద పూసి, ఇద్దరు రెండు కొసలు పట్టుకుని బిగించి, మధ్యలో లాగి వదలండి. గీత టప్పున పడుతుంది. స్కేలు అక్కర్లేదు.

రంగు వేసేటప్పుడు లోపలిది ముందు, నీడ తరవాత, అంచు గీత దాని తరవాత, తెల్లని మెరుపు అన్నిటికన్నా చివర. ఒకటి ఆరకుండా ఇంకోటి వేస్తే బురద అవుతుంది. నీడకు ఒకటే నియమం. ఎండ ఒక వైపు నుంచే వస్తుంది. మీ గోడ మీద మొదటి పేరుకు నీడ కుడివైపు ఉంది, రెండో పేరుకు ఎడమవైపు. అంటే ఆ సందులో ఇద్దరు సూర్యులున్నారు.

స్ప్రే డబ్బా కావాలని మీలో పెద్దవాడు అడిగాడట. 1949లో అమెరికాలో ఒకాయన రంగునూ గాలినీ ఒకే డబ్బాలో బిగించాడు, అదే మొదటిది. దగ్గరగా పట్టి చెయ్యి వేగంగా కదిపితే సన్నగీత, దూరంగా పడితే మసక. నెమ్మదిస్తే కారిపోతుంది. మీ రంగు బొట్లు మీరు కావాలని వేసినవి, మాకు అవి తిట్లు తెచ్చేవి. స్ప్రే ఆవిరి ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. ప్రస్తుతానికి కుంచె చాలు.

ఇంకొక్కటి. అడగకుండా గోడ మీద రాయడానికి మన రాష్ట్రంలో 1997 నుంచి ఒక చట్టం అడ్డుంది. మా కాలంలో కూడా కొట్టువాడు ఊ అన్నాకే నిచ్చెన వేసేవాళ్లం, ఎన్నికల రాత్రులు తప్ప. ఆ రాత్రులకు నేనేమీ గర్వపడను. భైరవకోన గుహాలయాల లాంటి చోటికి బడివాళ్లు తీసుకెళితే జేబులో మేకు పెట్టుకుని వెళ్లకండి. ఆ రాతిని తొలిచినవాళ్లు తమ పేర్లు ఎక్కడ పెట్టుకున్నారో వెతకండి, అది మంచి ఆట.

మా వెనక గోడ మాత్రం మీకు ఇచ్చేశాను. ముందు గోడ మా ఇంటావిడది, దాని జోలికి పోవద్దు. ఆదివారం పొద్దున ఎండ ఎక్కకముందే రండి. నీలం డబ్బా సగం ఉంది, తెలుపు కొత్తది, కుంచెలు నావి ఇస్తాను, టర్పెంటైన్‌తో కడిగి తిరిగి ఇవ్వాలి. దారం, సుద్ద మీరు తెచ్చుకోండి. మీ పేర్ల మీద శనివారమే సున్నం కొడతాను. మొదట ‘పంట’ అని రాయిస్తాను. రోడ్డవతల నుంచి మా ఇంటావిడ చదువుతుంది. ఆవిడ ‘వంట’ అని చదివితే మళ్లీ సున్నం.

మీ పెయింటరు తాతయ్య