చందాలతో లేచిన అడయార్ క్యాన్సర్ ఆస్పత్రి

నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు వైపు ఇళ్లలో ఎవరికైనా గడ్డ తేలి, బయాప్సీ రిపోర్టు తేడాగా వస్తే, పెద్దవాళ్ల నోట మొదట వచ్చే మాట "అడయార్ తీసుకెళ్లండి". అంత నమ్మకం సంపాదించిన, చెన్నైలోని ఆ క్యాన్సర్ ఆస్పత్రి ప్రభుత్వం కట్టించింది కాదు. కొందరు ఆడవాళ్లు చందాలు అడిగి కట్టించారు.

1923లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి చెల్లెలు క్యాన్సర్‌తో చనిపోయింది. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివిన ముత్తులక్ష్మి, ఆ తర్వాత 1927లో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టిన తొలి మహిళ. చెల్లెలి చావు ఆమెను వదల్లేదు. 1935లో, తాను చదివిన కాలేజీ శతాబ్ది వేడుకల్లోనే, క్యాన్సర్‌కి విడిగా ఒక ఆస్పత్రి కావాలని చెప్పారు. ఎలాగూ బతకని జబ్బుకి ఆస్పత్రి దండగ అన్నది అప్పట్లో ప్రభుత్వంలో ఉన్నవాళ్ల ధోరణి. ఆమె పట్టు విడవలేదు. ఉమెన్స్ ఇండియన్ అసోసియేషన్ అనే మహిళా సంఘం తరఫున సహాయ నిధి మొదలుపెట్టారు. 1952లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1954 జూన్ 18న 12 పడకలతో ఆస్పత్రి తెరుచుకుంది.

ముత్తులక్ష్మి కొడుకు డాక్టర్ కృష్ణమూర్తి అక్కడ వైద్యం మొదలుపెడితే, 1955లో డాక్టర్ శాంత వచ్చి చేరారు. మొదటి మూడేళ్లు ఆమెకు జీతం లేదు. తర్వాత నెలకు 200 రూపాయలు, ఉండటానికి ఆవరణలోనే చోటు. 2021 జనవరిలో కన్నుమూసేదాకా ఆ ఆస్పత్రే ఆమె లోకం. దాతల పేర్లు రాసిన బోర్డు ఎంత పెద్దదైనా, నా లెక్కలో ఆ సంస్థకు అందిన అతి పెద్ద విరాళం ఇద్దరు డాక్టర్ల జీవితకాలం.

1950ల్లో కెనడా నుంచి, క్యాన్సర్ గడ్డకి రేడియేషన్ పెట్టే కోబాల్ట్ మిషన్ కానుకగా వచ్చింది, దేశంలో అలాంటిది అదే మొదటిది. అందులో కిరణాలిచ్చే పదార్థం, అంటే సోర్సు, కోబాల్ట్-60. దాని శక్తి ఐదేళ్ల మూడు నెలలకల్లా సగానికి పడిపోతుంది. అప్పుడు మొదట్లో మూడు నిమిషాల్లో అయ్యే రేడియేషన్‌కి (జనం భాషలో కరెంటు ట్రీట్‌మెంట్‌కి) ఆరు నిమిషాలు పడుతుంది. మిషన్ అదే, టెక్నీషియన్లు వాళ్లే, బయట క్యూ మాత్రం రెండింతలవుతుంది. కొత్త సోర్సు తెప్పించాలంటే మళ్లీ డబ్బు కావాలి. దాత ఫొటో దిగి వెళ్లిపోయాక మొదలయ్యే ఖర్చు ఇది. ఇప్పుడు వాడే, విద్యుత్తుతో కిరణాలు పుట్టించే లీనియర్ యాక్సిలరేటర్లకి సోర్సు మార్చే పని లేదు కానీ, వాటి ఏటేటా మెయింటెనెన్సు తక్కువేం కాదు. రేడియేషన్ బయటికి రాకుండా మందపాటి కాంక్రీటు గోడల గది కట్టుకోవడం ఇంకో ఖర్చు.

రోగి ఇంటి ఖర్చు ఈ లెక్కల్లోకి సాధారణంగా రాదు. కరెంటు పెట్టేది వారానికి ఐదు రోజులు, చాలామందికి ఐదారు వారాలు. బల్ల మీద ఉండేది కొన్ని నిమిషాలే. కిరణాలు ఎక్కడ పడాలో గుర్తుగా ఒంటి మీద గీసిన సిరా గీతలు చెరగకుండా, ఒళ్లు జాగ్రత్తగా కడుక్కుంటూ మర్నాటి దాకా ఆగాలి. కావలి నుంచి వచ్చిన మనిషి రోజూ వెళ్లి రాలేడు. తోడొచ్చిన వాళ్లకి కూలి పోతుంది, పైగా చెన్నైలో గది అద్దె. వైద్యం ఉచితమైనా ఈ టెన్షన్‌తోనే మధ్యలో ఆపేసి ఊరెళ్లిపోయేవాళ్లున్నారు. జనరల్ వార్డు రోగులకి తిండి, బస కూడా చూసుకోవాలని అడయార్ మొదట్నుంచీ అనుకున్నది ఇందుకే. బెంగళూరులో కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రి దగ్గర ఇన్ఫోసిస్ ఫౌండేషన్ కట్టించిన ధర్మశాల కూడా ఈ అవసరం కోసమే. మిషన్ ఇచ్చినంత పేరు దీనికి రాదు, కానీ వైద్యం పూర్తిచేసుకుని ఇంటికి వెళ్లేవాళ్ల సంఖ్యను పెంచేది ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను.

దూరం తగ్గించడం ఇంకో దారి. తిరుపతిలో టీటీడీ స్థలమిస్తే టాటా ట్రస్ట్స్ క్యాన్సర్ ఆస్పత్రి కట్టింది. 2018లో శంకుస్థాపన జరిగితే, 2022లో మొదలైంది. చిత్తూరు జిల్లా వాళ్లకి చెన్నై ప్రయాణం కొంత తప్పింది. ఇలాంటి ఒప్పందం కొత్తగా ఎక్కడ రాసుకున్నా, భవనం, మిషన్ల పక్కనే కనీసం పదేళ్ల మెయింటెనెన్సు, నర్సుల జీతాలు, తోడొచ్చిన వాళ్ల బస కూడా రాయించుకోవాలి. దాతలు కాదంటే, మిగతా భాగం ఎవరు భరిస్తారో ప్రభుత్వం ఆ రోజే చెప్పాలి.