నామ్చేలో రెండో రాత్రి ఎందుకు?

ఎవరెస్టు బేస్ క్యాంపు దారిలో నడవడానికి వచ్చేవారిలో చాలామంది నేపాల్‌లోని లుక్లాలో విమానం దిగుతారు. ఆ ఊరు సముద్రమట్టానికి సుమారు 2,850 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి గైడ్ వారిని ముందుగా తీసుకెళ్లేది పైకి కాదు, కిందికి. తొలి రాత్రి దూధ్‌కోసి నది పక్కన, దాదాపు 2,600 మీటర్ల ఎత్తున ఉన్న ఫాక్‌దింగ్‌లో గడుస్తుంది. మర్నాడు నామ్చే బజారుకు ఎక్కుతారు. అది 3,440 మీటర్లు. ఆ తర్వాతి రోజు మకాం మారదు, రెండో రాత్రి కూడా నామ్చేలోనే.

దాచుకున్న సెలవులను, డబ్బును ఖర్చు పెట్టి చిన్న బృందంలో చేరి వచ్చినవారికి ఈ ఆగిన రోజు వృథాగా తోస్తుంది. కాళ్లు బాగానే ఉన్నాయి, ఆకాశం నిర్మలంగా ఉంది, ముందుకు వెళ్తే ఏం పోయిందని గైడ్‌ను అడిగేవారు తరచూ కనిపిస్తారు. కాళ్లకు అలసట లేకపోవచ్చు. ఆ రోజు అవసరం కాళ్లకు కాదు. ఊపిరికి, రక్తానికి, మూత్రపిండాలకు.

పైకి వెళ్లేకొద్దీ గాలిలో ఆక్సిజన్ తగ్గుతుందని అందరూ అంటారు. గాలిలో ఆక్సిజన్ వాటా మాత్రం ఎక్కడైనా ఒకటే, నూటికి దాదాపు 21 పాళ్లు. తగ్గేది గాలి పీడనం. నామ్చేలో అది సముద్రతీరంలో ఉండేదానిలో సుమారు మూడింట రెండు వంతులు. ఈ దారిలో చివరి మకాం గోరక్‌షెప్ దగ్గర, 5,160 మీటర్ల ఎత్తున, సగానికి కాస్త ఎక్కువ. 1981లో ఒక వైద్య పరిశోధన బృందం ఎవరెస్టు శిఖరం మీదే పీడనాన్ని కొలిచింది. అక్కడ 253 మిల్లీమీటర్ల పాదరసం ఉన్నట్లు తేలింది, అంటే మూడింట ఒక వంతు. పీడనం తగ్గితే ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి ఆక్సిజన్‌ను నెట్టే బలం తగ్గుతుంది. గుండెల నిండా పీల్చినా లోపలికి చేరేది తక్కువే.

ఈ సంగతిని ప్రయోగాలతో స్థిరపరచినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ బెర్. 1870లలో ఆయన ఉక్కు గదుల్లో పీడనం తగ్గిస్తూ జంతువుల మీద, తన మీద కూడా పరీక్షలు చేశాడు. 1875 ఏప్రిల్‌లో జెనిత్ అనే బెలూన్‌లో ముగ్గురు ఫ్రెంచివారు 8,000 మీటర్లు దాటి పైకి వెళ్లారు. వెంట ఆక్సిజన్ సంచులు ఉన్నాయి. అయినా ప్రమాదం తెలిసేసరికి వాటిని అందుకునే శక్తి చేతుల్లో లేకపోయింది. ఇద్దరు చనిపోయారు, గాస్తాన్ తిసాందియె ఒక్కడే ప్రాణాలతో దిగాడు. మూడేళ్ల తర్వాత, 1878లో, బెర్ తన పరిశోధనలన్నిటినీ అచ్చు వేశాడు. వంద ఏళ్లు గడిచాక 1978లో రైన్‌హోల్డ్ మెస్నర్, పీటర్ హాబెలర్ ఆక్సిజన్ సిలిండర్లు లేకుండా ఎవరెస్టు ఎక్కారు. బెలూన్‌లో వెళ్లినవారిని చంపిన ఎత్తు వీరిని చంపకపోవడానికి పెద్ద కారణం, వీరు వారాల తరబడి ఎక్కారు. శరీరానికి వ్యవధి దొరికింది.

ఆ వ్యవధిలో ఏం జరుగుతుందన్నదే నాకు ఈ యాత్రలన్నిటిలోకీ ఆసక్తి కలిగించే విషయం. మెదడుకు రక్తం తీసుకెళ్లే కెరోటిడ్ ధమని మెడలో రెండుగా చీలే చోట, ఇరువైపులా బియ్యపు గింజంత కణజాలం ఉంటుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గిందని మొదట పసిగట్టేది అదే. వెంటనే ఊపిరి వేగం పెంచమని మెదడుకు కబురు వెళ్తుంది. వేగంగా ఊపిరి తీస్తే ఆక్సిజన్ కొంత ఎక్కువగా అందుతుంది గానీ, కార్బన్ డయాక్సైడ్ మోతాదుకు మించి బయటికి పోతుంది. దానితో రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. అది చూసి మెదడు ఊపిరి తగ్గించమంటుంది. ఒకే శరీరానికి ఒకేసారి రెండు ఎదురెదురు ఆజ్ఞలు.

ఈ పెనుగులాట రాత్రిపూట బయటపడుతుంది. లాడ్జిలో పలుచని చెక్క గోడకు అవతల పడుకున్న మనిషి ఊపిరి నాలుగైదు సార్లు పెద్దగా, తొందరగా వినిపిస్తుంది. తర్వాత పూర్తిగా ఆగిపోతుంది. వినేవారికి భయం వేసేంతసేపు ఆగి, ఒక్క ఉదుటున మళ్లీ మొదలవుతుంది. కొత్తవారు ఉలిక్కిపడి లేచి కూర్చుంటారు. ఎత్తులో ఇది మామూలే, దానంతట అదే జబ్బు కాదు. పగలు గైడ్ ఈ ఒక్క మాట ముందే చెప్పి ఉంచితే బృందంలో సగం మందికి నిద్ర పడుతుంది.

ఎదురెదురు ఆజ్ఞల తగవు తీర్చేవి మూత్రపిండాలు. అవి రక్తంలోని బైకార్బనేట్‌ను మూత్రంలోకి వదిలిపెట్టి, పెరిగిన క్షారగుణాన్ని తగ్గిస్తాయి. అప్పుడు మెదడు అడ్డు తొలగి ఊపిరి స్వేచ్ఛగా పెరుగుతుంది. అయితే ఈ పని గంటల్లో ముగిసేది కాదు, రోజులు పడుతుంది. నామ్చేలో రాత్రి రెండు మూడు సార్లు లేచి చలిలో బయటికి వెళ్లవలసి రావడం విసుగే అయినా, లోపల పని సాగుతోందనడానికి అది ఒక గుర్తు. చాలామంది వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్ర చేసేదీ ఇదే. జబ్బు లక్షణాలను కప్పిపుచ్చదు, బైకార్బనేట్‌ను వదిలించడంలో మూత్రపిండాలను తొందరపెడుతుంది. వైద్యుడిని అడిగి వాడవలసిన మందు అది, ఆగవలసిన రోజుకు బదులు కాదు.

ఎత్తుకు అలవాటు పడడమంటే ఎర్ర రక్తకణాలు పెరగడమని చాలామంది అనుకుంటారు. అది పాక్షిక సత్యం. ఆక్సిజన్ తగ్గిన కొన్ని గంటల్లోనే మూత్రపిండాలు ఎర్ర రక్తకణాల తయారీని పెంచే ఎరిత్రోపొయెటిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తాయి. కణాలు ఆక్సిజన్ కొరతను ఎలా గుర్తిస్తాయో, ఈ హార్మోన్ జన్యువును ఎలా మేల్కొలుపుతాయో వివరించినందుకే విలియం కేలిన్, పీటర్ రాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజాలకు 2019లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది. కానీ కొత్త కణాలు తయారై రక్తంలో చెప్పుకోదగినంతగా పెరగడానికి వారాలు కావాలి. రెండు వారాల నడకలో మనిషిని కాపాడేది ప్రధానంగా ఊపిరే.

శరీరానికి ఆ వ్యవధి ఇవ్వకపోతే వచ్చేదే ఎత్తు జబ్బు. తలనొప్పితో మొదలవుతుంది. ఆకలి పోతుంది, వాంతి వచ్చేలా ఉంటుంది, కళ్లు తిరుగుతాయి, నీరసం కమ్ముతుంది. హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ 1973లో ఫెరిచె గ్రామంలో, 4,200 మీటర్లు దాటిన ఎత్తున, ఒక వైద్య కేంద్రం తెరిచింది. అక్కడికి చేరిన ట్రెక్కర్లను పరీక్షించి పీటర్ హాకెట్, డ్రమ్మండ్ రెనీ 1976లో వెలువరించిన ఫలితాలు ఇప్పటికీ చదవదగినవి. సగానికి పైగా జనంలో ఎత్తు జబ్బు కనిపించింది. విమానంలో లుక్లా చేరినవారిలో, తొందరగా ఎక్కినవారిలో, చిన్న వయసువారిలో ఎక్కువ. మోసిన బరువుకూ దీనికీ సంబంధం లేదు. దేహదారుఢ్యం కూడా దీని నుంచి కాపాడదు. రోజూ పరుగెత్తే యువకుడు ముందుగా పడిపోవచ్చు, అరవై ఏళ్ల ఉపాధ్యాయురాలు హాయిగా నడిచిపోవచ్చు.

తలనొప్పి దగ్గరే ఆగితే ప్రమాదం లేదు. దాన్ని పట్టించుకోకుండా ఇంకా పైకి వెళ్తే రెండు ప్రాణాంతక స్థితులు ఎదురవుతాయి. ఒకటి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరడం. దీన్ని చాలాకాలం న్యుమోనియాగా పొరబడ్డారు. ఆరోగ్యవంతులకూ ఎత్తు వల్లే ఇలా జరగవచ్చని 1960లో చార్లెస్ హూస్టన్ స్పష్టం చేశాడు. కూర్చున్నప్పుడు కూడా ఆయాసం తగ్గకపోతే అనుమానించాలి. రెండోది మెదడు వాపు. దాన్ని కనిపెట్టడానికి అనుభవం ఉన్న గైడ్ పెద్ద పరికరమేదీ వాడడు. లాడ్జి ముందు నేల మీద ఒక గీత గీసి, ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనిస్తూ నడవమంటాడు. తూలితే ఇక చర్చ లేదు, అర్ధరాత్రయినా కిందికి దింపాలి. ఆక్సిజన్, మందులు, గాలి కొట్టి పీడనం పెంచే సంచి ఇవన్నీ దించేలోపు కాలం గడపడానికి. అసలు వైద్యం దిగడమే.

ఇప్పుడు ప్రయాణ ప్రణాళిక మరోసారి చూడండి. 3,000 మీటర్లు దాటాక పడుకునే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచవద్దని, మూడు నాలుగు రోజులకోసారి ఒక రోజు అదే ఎత్తున గడపమని పర్వత వైద్యులు చెబుతారు. నామ్చేలో రెండు రాత్రులు, 3,860 మీటర్ల తెంగ్‌బోచెలో ఒకటి, 4,410 మీటర్ల దింగ్‌బోచెలో మళ్లీ రెండు. ఆగిన రోజున మంచం మీద పడుకోమనరు. నామ్చే నుంచి 3,790 మీటర్ల ఎత్తున ఉన్న ఖుమ్‌జుంగ్ దాకా నడిపించి, అక్కడ 1961లో ఎడ్మండ్ హిల్లరీ కట్టించిన బడి, బంగాళాదుంప చేలు, వాటి చుట్టూ పేర్చిన రాతి గోడలు చూపించి, సాయంత్రానికి కిందికి తీసుకొస్తారు. పగలు ఎక్కువ ఎత్తు రుచి చూసిన శరీరం రాత్రి తక్కువ ఎత్తున కోలుకుంటుంది. దింగ్‌బోచెలో ఆగిన రోజు పక్క కొండ ఎక్కితే ఇమ్జా లోయ విప్పారి కనిపిస్తుంది. ఆ లోయ మొగలో 1950లలో కొన్ని చిన్న మడుగులు మాత్రమే ఉండేవి. హిమానీనదం కరిగి అవి ఒక్కటై, ఇప్పుడు చదరపు కిలోమీటరు దాటిన సరస్సయింది. కట్ట తెగుతుందన్న భయంతో 2016లో దాని నీటిమట్టాన్ని మూడు మీటర్లకు పైగా తగ్గించారు. తొందరగా దాటిపోయేవారికి ఇవేవీ కంటపడవు.

చిన్న బృందంలో, గైడ్ వెంట వెళ్లడం క్షేమమని అందరి నమ్మకం. నేపాల్‌లో ట్రెక్కర్ల మరణాలను పరిశీలించి డేవిడ్ ష్లిమ్, ఆయన సహ పరిశోధకుడు 1992లో ప్రచురించిన వ్యాసం ఆ నమ్మకాన్ని ప్రశ్నించింది. అప్పటి ట్రెక్కర్లలో ఏర్పాటు చేసిన బృందాలతో వచ్చినవారు సగం కూడా లేరు. కానీ ఎత్తు జబ్బుతో చనిపోయినవారిలో అత్యధికులు వారే. కారణం ఊహించడం కష్టం కాదు. ఒంటరిగా వచ్చినవాడు తల నొస్తే ఆగుతాడు. బృందంలో ఉన్నవాడు తన వల్ల మిగతావారి యాత్ర చెడుతుందని నోరు విప్పడు. రేపటి లాడ్జి, తిరుగు విమానం, సెలవు గడువు అన్నీ తేదీలతో ముడిపడి ఉంటాయి. నన్ను అడిగితే గైడ్ అసలు పని దారి చూపడం కాదు, ఈ మొహమాటాన్ని తొలగించడం. రోజూ సాయంత్రం ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, తల ఎలా ఉంది, అన్నం ఎంత తిన్నారు, నిద్ర పట్టిందా అని అడగాలి. అందరి ముందు అడిగితే అందరూ బాగున్నామనే అంటారు. వేలికి తగిలించే ఆక్సిమీటర్ అంకె పనికొస్తుంది గానీ, అది మంచిగా ఉందని చెప్పి తలనొప్పిని కొట్టిపారేయకూడదు.

నడక వేగం కూడా ఇలాంటిదే. ఎత్తు పెరిగేకొద్దీ శరీరం గరిష్ఠంగా వాడుకోగల ఆక్సిజన్ తగ్గుతుంది, గోరక్‌షెప్ చేరేసరికి దాదాపు మూడో వంతు పోతుంది. కింద తేలిగ్గా ఎక్కిన వాలు అక్కడ పరుగుతో సమానం. పక్కవారితో పూర్తి వాక్యం మాట్లాడలేకపోతున్నారంటే వేగం ఎక్కువైందనే. అందుకే అందరికంటే నెమ్మదిగా నడిచేవారిని ముందు పెట్టి, రెండో గైడ్‌ను చివర నడిపించే పద్ధతి నాకు నచ్చుతుంది.

బరువు మోసేవారిని గమనించినా ఇదే తెలుస్తుంది. నుదుటికి నామ్లో పట్టీ, వీపున డోకో బుట్ట, చేతిలో టోక్మా అనే పొట్టి కర్ర. కొన్ని అడుగులు వేసి, కర్రను వెనక బుట్ట కింద ఆనించి, నిలబడే బరువు దించుకుంటారు. ఊపిరి కుదుటపడగానే మళ్లీ కొన్ని అడుగులు. నామ్చే దారిలో ఇలాంటి పోర్టర్లను పరిశీలించిన 2005 నాటి అధ్యయనంలో మగవారు సగటున తమ ఒంటి బరువులో 93 శాతం మోస్తున్నట్లు తేలింది. అంత బరువుకు ఖర్చయ్యే శక్తి మాత్రం అనుకున్నదానికంటే చాలా తక్కువ.

వారిని చూసి వీరికి ఎత్తు ఒక లెక్క కాదనుకుంటారు, అదే ప్రమాదకరమైన పొరపాటు. షేర్పాల విషయంలో వాస్తవం కొంత ఉంది. వారి పూర్వీకులు టిబెట్ నుంచి వచ్చారు. టిబెట్ ప్రజల్లో ఈపీఏఎస్1 అనే జన్యువు ప్రత్యేక రూపంలో ఉండి, ఎంత ఎత్తున ఉన్నా రక్తం మరీ చిక్కబడకుండా కాపాడుతుందని 2010లో బయటపడింది. అది అంతరించిపోయిన డెనిసోవన్ మానవుల నుంచి సంక్రమించిందని 2014లో తెలిసింది. అయితే బరువు మోసేవారిలో చాలామంది షేర్పాలు కారు. దిగువ కొండల నుంచి పనికోసం వచ్చిన రాయ్, తమాంగ్ కుటుంబాల యువకులు. వారి శరీరాలకూ యాత్రికుల శరీరాలకు పట్టినంత వ్యవధే కావాలి. పైగా జబ్బు చేసిందని చెబితే కూలి పోతుంది, కాబట్టి బృందంలో అందరికంటే ఎక్కువగా దాచేది వారే. డబ్బు కట్టే ముందు నిర్వాహకులను రెండు విషయాలు అడగండి. ఒకరికి జబ్బు చేస్తే తోడుగా కిందికి దిగడానికి రెండో గైడ్ ఉన్నాడా? సాయంత్రం అడిగే ఆ ప్రశ్నలు పోర్టర్లను కూడా అడుగుతారా, జబ్బుపడిన పోర్టర్‌ను ఒంటరిగా పంపకుండా మనిషిని తోడిచ్చి, కూలి మొత్తం చెల్లిస్తారా?