హైడ్రేటెడ్ అయాన్లు, ఇన్‌ఫ్రారెడ్ లేజర్: అపోహలు - వాస్తవాలు

నీళ్లు చుట్టుకున్న అయాన్ల మీద పని చేస్తానని చెప్పగానే చాలామంది అడిగే మాట ఒకటుంది: "అయితే లేజర్‌తో వాటిని ఫొటో తీస్తారన్నమాట!" ముందు అక్కడినుంచే మొదలుపెడతాను.

అపోహ: లేజర్ వేస్తే నిర్మాణం కనిపిస్తుంది.

కనిపించదు. మా చేతికొచ్చేది ఒక లెక్క. అయాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి వాటిని ఒకచోట ఎక్కువగా కుక్కలేం. అంత పలచటి గుంపు ఎంత కాంతిని పీల్చుకుందో నేరుగా కొలవడం అయ్యే పని కాదు. అందుకే కాంతిని వదిలేసి అయాన్‌నే గమనిస్తాం. మాస్ స్పెక్ట్రోమీటర్‌తో ఒకే బరువున్న క్లస్టర్లను (అయాన్, దాన్ని చుట్టుకున్న నీటి అణువుల గుంపులను) ఏరి, వాటి మీద లేజర్ వేస్తాం. ఫోటాన్‌ను మింగిన క్లస్టర్ నుంచి ఒక నీటి అణువు ఊడితే బరువు (అణు ద్రవ్యరాశి యూనిట్లలో) 18 తగ్గుతుంది. లేజర్ తరంగసంఖ్యను (ఒక సెంటీమీటర్‌లో ఎన్ని తరంగాలు పడతాయో ఆ లెక్కను, సెం.మీ⁻¹) కొంచెం కొంచెంగా జరుపుతూ, ఒక్కోచోట ఎన్ని విరిగాయో లెక్కపెడితే అదే స్పెక్ట్రమ్.

అపోహ: బరువు తెలిస్తే ఆకారం తెలిసినట్టే.

ఒక ప్రోటాన్, నాలుగు నీటి అణువులు కలిస్తే బరువు 73. అవి గొలుసులా ఉన్నా, వలయంలా ఉన్నా, మధ్యలో హైడ్రోనియం (ప్రోటాన్ అతుక్కున్న నీటి అణువు) చుట్టూ మూడు నీళ్లున్నా అదే 73. తేడా చెప్పేది నీటిలోని ఆక్సిజన్-హైడ్రోజన్ (ఓ-హెచ్) బంధాల కంపనమే. చివరన వేలాడే నీటి అణువుకు రెండు ఓ-హెచ్‌లూ ఖాళీ, అంటే పక్క అణువును పట్టుకోనివి. అది దాదాపు 3650, 3740 సెం.మీ⁻¹ దగ్గర రెండు పీక్‌లు ఇస్తుంది. మూడు హైడ్రోజన్ బంధాల్లో ఇరుక్కుని ఒక్క ఓ-హెచ్ మాత్రమే ఖాళీగా ఉన్నది 3695 దగ్గర ఒక్క పీక్ ఇస్తుంది. హైడ్రోజన్ బంధంలో ఉన్న ఓ-హెచ్ ఇంకా చాలా కిందికి జారి, వెడల్పుగా పరుచుకుంటుంది.

ఒక్కోసారి లేని పీకే అసలు సాక్ష్యం. 21 నీటి అణువులున్న ప్రోటాన్ క్లస్టర్లు చుట్టుపక్కల సైజుల కంటే ఎక్కువగా కనిపిస్తాయని సియర్సీ, ఫెన్ 1974లోనే చూపించారు. కారణం నీటి అణువులు పంజరంలా మూసుకున్న ఆకారమేనా? 2004లో రెండు బృందాలు ఇన్‌ఫ్రారెడ్ స్పెక్ట్రా తీశాయి. చిన్న క్లస్టర్లలో రకరకాలుగా ఉన్న ఖాళీ ఓ-హెచ్ పీక్‌లు 21 దగ్గరికొచ్చేసరికి ఒక్కటే మిగిలాయి. అంటే తోక లేదు, వేలాడే కొస లేదు. ఖాళీ ఓ-హెచ్ ఉన్న ప్రతి నీటి అణువూ మూడు బంధాల్లో ఉంది. ఆ గ్రాఫ్ ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. ఆ పంజరంలో ప్రోటాన్ ఆచూకీ స్పెక్ట్రమ్‌లో దొరకడానికి మాత్రం 2014 దాకా ఆగాల్సి వచ్చింది.

అపోహ: పవర్ పెంచితే సిగ్నల్ పెరుగుతుంది, పని తేలికవుతుంది.

కొత్తగా చేరినవాళ్లు టెన్షన్‌లో ముందు చేసేది ఇదే. 3700 సెం.మీ⁻¹ ఫోటాన్ మోసుకొచ్చేది మోల్‌కు 44 కిలోజౌళ్లే. ప్రోటాన్‌ను పంచుకున్న రెండు నీటి అణువులను విడదీయాలంటే 130 పైనే కావాలి. పవర్ పెంచితే ఒకే క్లస్టర్ చాలా ఫోటాన్లు మింగి వేడెక్కుతుంది, పీక్‌లు అలుక్కుపోతాయి. దానికి బదులు క్లస్టర్‌ను బాగా చల్లబరిచి ఆర్గాన్, నియాన్ లేదా హైడ్రోజన్‌ను ట్యాగ్‌గా అంటిస్తాం. ఒక్క ఫోటాన్‌కే ఆ ట్యాగ్ ఊడొస్తుంది.

అపోహ: ఆ ట్యాగ్ ఊరికే పక్కన కూర్చుంటుంది.

ప్రతిసారీ అలా కాదు. ప్రోటాన్ రెండు నీటి అణువుల మధ్య సమానంగా ఉన్న జుండెల్ అయాన్‌కు ఆర్గాన్ ఒక పక్క అంటుకుంటే ఆ సమతూకం చెడుతుంది. నియాన్ అంత ఇబ్బంది పెట్టదు. నియాన్‌తో తీసినప్పుడు మధ్య ప్రోటాన్ దగ్గర ఒకటి ఉండాల్సిన చోట రెండు పీక్‌లు వచ్చాయి, 930, 1050 ప్రాంతంలో. ప్రతి కంపనాన్నీ విడిగా, స్ప్రింగ్‌లా చూసే మామూలు హార్మోనిక్ లెక్కలకు అది అందలేదు. ప్రోటాన్ కదలిక, నీటి అణువుల ఊపుతో కలగలిసి రెండుగా చీలిందని 2007లో, 15 కంపన దిశలనూ కలిపి చేసిన క్వాంటమ్ లెక్క తేల్చింది. అందుకే "కంప్యూటర్ గీతతో సరిపోయింది, ఇక అయిపోయింది" అంటే నేను ఒప్పుకోను. ఏ పద్ధతితో సరిపోయిందని ముందు అడుగుతాను.

అపోహ: ఐగెన్, జుండెల్ రూపాల్లో ఒకటే నిజం.

రెండూ నిజమే. రెండు నీళ్లకు జుండెల్, నాలుగింటికి ఐగెన్ (మధ్యలో హైడ్రోనియం, చుట్టూ మూడు నీళ్లు). ఆరింటికి రెండూ కలిసే ఉంటాయి. ఒక లేజర్‌తో ఒక రూపాన్ని తగ్గించి, రెండో లేజర్‌తో మిగిలినదాన్ని చదివి వాటిని విడదీస్తారు.

అపోహ: అయాన్ ప్రభావం మొదటి పొరతో ఆగిపోతుంది.

రెండు ఋణావేశాలున్న సల్ఫేట్‌ను చూడండి. మొదటి పొరలో పన్నెండు నీళ్లు పడతాయి. 2010లో ప్రచురించిన ప్రయోగంలో దాదాపు 43 నీటి అణువులు చేరేదాకా 3700 దగ్గర ఖాళీ ఓ-హెచ్ పీక్ అసలు రానే లేదు. బయట అంచున ఉన్న నీళ్లు కూడా హైడ్రోజన్లను లోపలి వైపే తిప్పుకుని ఉన్నాయి.