లాంగ్ వే: సాయం రాని రాత్రి వెనక ఆరేళ్ల కథ

1968 ఫిబ్రవరి 6 అర్ధరాత్రి దాటాక దక్షిణ వియత్నాంలోని లాంగ్ వే అనే అమెరికా స్పెషల్ ఫోర్సెస్ క్యాంపు మీదికి ఉత్తర వియత్నాం ట్యాంకులు వచ్చాయి. ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, ఖే సాన్‌లో వేలమంది అమెరికా మెరైన్లున్నారు. ఎవరూ కదల్లేదు. పిరికితనం అనేస్తే సరిపోదు, కాస్త వెనక్కి వెళ్లాలి.

1962లో ఈ ప్రాంతంలో అమెరికా స్పెషల్ ఫోర్సెస్ మొదట దిగింది ఖే సాన్‌లోనే. పక్క దేశం లావోస్ మీదుగా, హో చి మిన్ దారి అనే అడవి మార్గంలో దిగే ఉత్తర వియత్నాం బలగాల్ని కనిపెట్టడం వాళ్ల పని. అమెరికన్లు గుప్పెడు మంది, మిగతావాళ్లలో ఎక్కువమంది జీతానికి తుపాకీ పట్టిన అక్కడి కొండల్లోని బ్రూ తెగవాళ్లు. 1966లో మెరైన్లు ఖే సాన్‌ను తమ స్థావరం చేసుకోవడంతో వీళ్లు సామాను సర్దుకుని, తొమ్మిదో నంబరు రోడ్డు వెంట సరిహద్దుకి ఇంకా దగ్గరగా లాంగ్ వేకి వెళ్లారు.

1967 మార్చిలో అమెరికా విమానాలే పొరపాటున లాంగ్ వే ఊరి మీద బాంబులేస్తే వందమందికి పైగా చనిపోయారు. మే 4న క్యాంపు మీద దాడి జరిగింది, స్థానిక సైనికుల్లో ముందే కలిసిపోయిన శత్రువు మనుషులే లోపలి నుంచి సాయం చేశారు, కమాండర్, ఆయన కింది అధికారి ఇద్దరూ చనిపోయారు. దాంతో ఇంకాస్త పడమరకి జరిగి, కాంక్రీటు బంకరుతో కొత్త క్యాంపు కట్టారు. గట్టి క్యాంపే, కానీ కట్టింది పదాతి దళాన్ని ఆపడానికి. ట్యాంకుల మీదికి ఉన్నవి రెండు 106 మి.మీ. రికాయిల్‌లెస్ గన్‌లు (పేల్చినప్పుడు వెనక్కి తన్నని తేలిక ఫిరంగులు), భుజం మీంచి పేల్చే రాకెట్లు. ఆ రాత్రి ఆ రాకెట్లు చాలావరకు పేలలేదు, పేలినా పనిచేయలేదు. జనవరిలోనే లావోస్ వైపు నుంచి పారిపోయి వచ్చిన సైనికులు ట్యాంకులున్నాయని చెప్పారు, కాబట్టి హెచ్చరిక లేదనడానికి వీల్లేదు.

సాయానికి రావాలన్న ప్లాన్ కాగితం మీద ఉంది. కానీ రోడ్డు మీద మాటు తప్పదు, అడవిలో నడిస్తే గంటలకు గంటలు పడుతుంది, పైగా ఖే సాన్ కూడా అప్పటికి ముట్టడిలో ఉంది. అక్కడి కమాండర్ కల్నల్ లౌండ్స్ ఒప్పుకోలేదు, పైవాళ్లూ బలవంతపెట్టలేదు. సైనిక లెక్కలో అది తప్పని నేను అనలేను. అసలు తప్పు, ఎవరూ చేరుకోలేని చోట క్యాంపు పెట్టి చేరుకుంటామని మాటివ్వడం. పాత క్యాంపు నుంచి సార్జెంట్ యూజీన్ ఆష్లీ కొద్దిమందితో ఐదుసార్లు ఎదురుదాడి చేసి ప్రాణం పోగొట్టుకున్నాడు, తర్వాత అమెరికా అత్యున్నత సైనిక పురస్కారం మెడల్ ఆఫ్ ఆనర్ ఇచ్చారు.

24 మంది అమెరికన్లలో పదిమంది చనిపోవడమో పట్టుబడటమో జరిగింది. వాళ్ల పక్కన నిలబడ్డ స్థానికులు 200 మందికి పైగా పోయారు. బతికినవాళ్లు, ఊళ్లవాళ్లు వేలమంది ఖే సాన్‌కి చేరితే మెరైన్లు ఆయుధాలు లాక్కుని గేటు బయటే నిలబెట్టారు, వీళ్లలో శత్రువులు ఉంటారేమోనని. మే నెల దాడి గుర్తుంటే ఆ భయం అర్థమవుతుంది, కానీ ఆరేళ్లుగా అమెరికన్లకోసం తుపాకీ మోసింది కూడా ఈ మనుషులే కదా.