జీపీఎస్ ఉండగా విమానం దారెలా తప్పుతుంది?

మా పిన్ని ఫోన్లో విమానాల ట్రాకింగ్ యాప్ వేసుకున్న రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు. "ఒరేయ్, తమ్ముడి ఫ్లైట్ శంషాబాద్‌లో లేచి బెంగళూరు వైపు వెళ్లకుండా ఎటో పోతోంది, దారి తప్పిందేమో చూడరా" అని ఫ్యామిలీ గ్రూపులో స్క్రీన్‌షాట్ పెట్టింది. దాని కింద మా బావమరిది జవాబు: "జీపీఎస్ ఉండగా దారెలా తప్పుతుంది అత్తయ్యగారూ, అంతా కంప్యూటరే చూసుకుంటుంది."

పిన్ని భయాన్ని రెండు ముక్కల్లో తీర్చేయొచ్చు. నా పేచీ బావమరిది ధీమాతోనే. సిమ్యులేటర్‌లో శిక్షణకి నా దగ్గరికొచ్చే కుర్ర పైలట్లలో కూడా అదే ధీమా కనిపిస్తుంది కాబట్టి.

అపోహ: లేవగానే వంకర తిరిగితే దారి తప్పినట్టే.

శంషాబాద్ రన్‌వేలు తూర్పు పడమరలుగా ఉంటాయి. బెంగళూరేమో దక్షిణాన. తిరక్కపోతే ఎలా వెళ్తుంది? గాలికి ఎదురుగా లేస్తాం, ఆ రన్‌వేకి రాసిపెట్టిన సిడ్, అంటే లేచాక ఏ దారిన వెళ్లాలో చెప్పే పద్ధతి ప్రకారం మలుపు తీసుకుంటాం. మధ్యలో మబ్బు అడ్డొచ్చినా, ముందు ఇంకో విమానం ఉన్నా నేల మీంచి విమానాల్ని నడిపించే ఏటీసీ వాళ్లు వెక్టర్ ఇచ్చి, అంటే ఫలానా దిక్కుకి వెళ్లమని చెప్పి పక్కకి తిప్పుతారు. పిన్నీ, నిశ్చింతగా పడుకో.

అపోహ: దారి కంప్యూటర్‌కి తెలుసు, పైలట్ ఊరికే కూర్చుంటాడు.

కంప్యూటర్‌కి తెలిసేది మనం చెప్పిందే. విమానం దారి చూసే కంప్యూటర్ ఎఫ్‌ఎంఎస్‌లో తప్పు దారి ఎక్కిస్తే ఆటోపైలట్ ఆ తప్పు దారినే గీత గీసినట్టు నడుస్తుంది. తెర మీద అంతా నీటుగా ఉంటుంది, అదే ప్రమాదం. (తెర మీది ఆ దారిని బోయింగ్ వాళ్లు మెజెంటా గీత అంటారు, మా ఎయిర్‌బస్‌లో అది పచ్చగీత. రంగేదైనా నమ్మకం గుడ్డిదే.)

2015 మార్చి 10న సిడ్నీ నుంచి కౌలాలంపూర్ బయల్దేరిన ఎయిర్ ఏషియా ఎక్స్ ఏ330 కథే తీసుకోండి. గేటు దగ్గర కెప్టెన్ విమానం ఉన్న చోటు రేఖాంశాన్ని చేత్తో కొట్టాడు. కొట్టాల్సింది 15109.8, అంటే 151 డిగ్రీల 9.8 నిమిషాలు. కొట్టింది 01519.8, అంటే 15 డిగ్రీల 19.8 నిమిషాలు. దాంతో సిడ్నీలో నిలబడ్డ విమానం తాను పదకొండు వేల కిలోమీటర్ల అవతల, కేప్‌టౌన్‌కి పడమర సముద్రంలో ఉన్నానని నమ్మేసింది. బయల్దేరే ముందు తప్పు పట్టుకునే అవకాశాలు చాలాసార్లే వచ్చాయి, ఇద్దరూ దాటేశారు. 16 కుడి రన్‌వే నుంచి లేచి ఆటోపైలట్ పెట్టగానే విమానం ఎడమకి, పక్కనున్న 16 ఎడమ రన్‌వే నుంచి లేచేవాళ్ల దారికి అడ్డంగా తిరిగింది. గాల్లో సరిచేయబోతే ఉన్న సిస్టమ్స్ కూడా కొన్ని పోయాయి. సిడ్నీలో వాతావరణం పాడవడంతో, కంటికి నేల కనిపించే మెల్‌బోర్న్‌కి వెళ్లి దిగారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఇలాంటి పొరపాటును అడ్డుకునే కొత్త ఎఫ్‌ఎంఎస్ ఆ విమానంలో లేదని ఆస్ట్రేలియా దర్యాప్తు సంస్థ తేల్చింది.

నవ్వుకోకండి. నేను కో-పైలట్‌గా కుడి సీట్లో కొత్తగా కూర్చున్న రోజుల్లో, రెండు సమాంతర రన్‌వేలున్న ఓ పెద్ద విమానాశ్రయంలో రన్‌వే వైపు నేల మీద ట్యాక్సీ చేస్తుండగా రన్‌వే మారింది. ఎడమది కాదు, కుడిది అన్నారు. వెనక విమానాల క్యూ. ఎఫ్‌ఎంఎస్‌లో గబగబా మార్చేశాను. ఆ రన్‌వే నుంచి ఒకే పేరుతో రెండు సిడ్‌లు, చివరి అక్షరం ఒక్కటే తేడా. మా కెప్టెన్ తెర వైపు చూడకుండానే అడిగాడు: "మొదటి మలుపు ఎటు బాబూ?" "ఎడమకి సార్." "చార్టు చూసి చెప్పు." చార్టులో కుడికి ఉంది. ఎడమన అవతలి రన్‌వే నుంచి అప్పుడే ఒకడు లేస్తున్నాడు. కెప్టెన్ తిట్టలేదు. బండి ఆపి, పార్కింగ్ బ్రేకు వేసి, "నిదానంగా మళ్లీ చెయ్యి, క్యూ ఎక్కడికీ పోదు" అన్నాడు. నా వేళ్లు వణికాయి, రెండుసార్లు తప్పు మీట నొక్కాను.

అందుకే నా దగ్గరికొచ్చే వాళ్లకి ఒకటే గోల పెడతాను. చార్టు ఒకరి చేతిలో, తెర ఇంకొకరి ముందు. దారిలోని ఒక్కో పాయింటు పేరు, దిక్కు, దూరం పైకి చదవాలి. "చూశాను" అంటే ఒప్పుకోను. ఇక రన్‌వే మారితే మొదటి అక్షరం నుంచి మళ్లీ చేయాల్సిందే. తొందర పుట్టేది అక్కడే, తప్పు జరిగేదీ అక్కడే.

రన్‌వే మీదికెక్కాక ఇంకో చూపు ఉంది. రన్‌వే నంబరంటేనే దిక్కు, 22 అంటే దాదాపు 220 డిగ్రీలు. 2006 ఆగస్టు 27న, ఇంకా తెల్లవారకముందే, అమెరికాలోని లెక్సింగ్టన్‌లో కోమెయిర్ 5191 పైలట్లు 22 అనుకుని 26 మీద పరుగందుకున్నారు. 22 పొడవు ఏడు వేల అడుగులు, 26 అందులో సగం. 26 మీద లైట్లు కూడా వెలగడం లేదు. దిక్సూచి నలభై డిగ్రీల తేడా చూపిస్తూనే ఉంది. 50 మందిలో 49 మంది పోయారు.

అపోహ: జీపీఎస్ పోతే విమానం గుడ్డిదే.

2025 నవంబర్‌లో ఢిల్లీ దగ్గర జీపీఎస్ స్పూఫింగ్, అంటే దొంగ సిగ్నల్‌తో విమానాన్ని మోసం చేయడం జరిగిందని విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు పార్లమెంటులో చెప్పాక మా శ్రీకాకుళం చుట్టాల ఫోన్లు ఆగలేదు. జీపీఎస్ లేకపోయినా, బయటి సిగ్నల్ అక్కర్లేకుండా విమానమే తన చోటు లెక్కకట్టుకునే ఐఆర్‌ఎస్ ఉంది, నేల మీద దిక్కు చెప్పే వీఓఆర్, దూరం చెప్పే డీఎంఈ రేడియో కేంద్రాలు ఉన్నాయి, అవతల ఏటీసీ రాడార్ ఉంది. పని పెరుగుతుంది, అంతే.

అపోహ: తప్పు జరిగితే టవర్ వాళ్లు చూసి చెప్తారుగా.

చెప్తారు. సిడ్నీలో కూడా చెప్పారు, మలుపు తిరిగాక.